బెంగళూరు పెరట్లో ‘లో టన్నెల్’ (మడి మీద పొట్టి సొరంగం లాంటి కప్పు): చలికాలం కూరగాయలకు కమాన్లు కట్టే పద్ధతి

మంచు దేశాల వీడియోలు చూసి చాలామంది బెంగళూరులో కూడా అచ్చం అలాగే టన్నెల్ కట్టాలనుకుంటారు. మడి మీద వరసగా కమాన్లు, వాటి మీద పాలిథీన్, అంచులు మట్టిలో పూడ్చి గట్టిగా మూసేయడం. ఆ దేశాల్లో అది సరైన పనే. అక్కడ నేల గడ్డకడుతుంది, ఆకులోని నీరు మంచయి మొక్క చచ్చిపోతుంది. మన దగ్గర ఆ బాధ లేదు. 900 మీటర్ల ఎత్తున ఉన్నా బెంగళూరులో జనవరి రాత్రి సగటున 15, 16 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఈ ఊళ్ళో రికార్డయిన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. క్యాబేజీ, క్యారెట్, పాలకూర, కొత్తిమీరలకు ఇలాంటి చలే కావాలి.

వెలుతురుకీ లోటు లేదు. పుష్యమాసంలో పూసగుచ్చేంత పొద్దు కూడా ఉండదంటారు గానీ, ఇక్కడ అతి చిన్న పగలు కూడా 11 గంటలు దాటుతుంది. ఉత్తర దేశాల్లో పగలు 10 గంటల లోపుకు పడిపోయినప్పుడు మొక్కల ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. మనకు చలికాలమంతా మొక్క ఎదుగుతూనే ఉంటుంది.

మరి టన్నెల్ ఎందుకు? దసరా నుంచి కార్తీకం దాకా కొట్టే వానలకు, ఏడాది పొడుగునా వచ్చే పురుగులకు, శివరాత్రి దాటాక మండే ఎండకు. ఈ మూడింటికీ కమాన్లు అవే, మీద కప్పేది మాత్రం వేరు. పాలిథీన్‌ను గొడుగులా వాడాలి, దుప్పటిలా కప్పకూడదు. ఈ ఒక్క మాట మొదటి ఏడాది నాకెవరైనా చెప్పి ఉంటే ఒక పంట దక్కేది.

మాది రామమూర్తి నగర్. మా ఇంటి పక్కన 30x40 అడుగుల సైటు ఖాళీగా ఉంది. శాశ్వతమైనదేదీ కట్టకూడదన్న షరతు మీద సైటు ఓనరు సాగు చేసుకోమన్నారు. సగం పొద్దులో విప్పేయగలిగేవి కాబట్టి కమాన్లను ఎంచుకున్నాను. మొదటి ఏడాది పాలిథీన్ కప్పి, రెండు చివరలూ కట్టేసి, దీపావళికి మదనపల్లె వెళ్ళాం. నాలుగో రోజు వచ్చి పాలిథీన్ ఎత్తితే ఉడికిన ఆకుకూర వాసన గుప్పుమంది. లెట్యూస్ ఆకులు తడి కాగితాల్లా మట్టికి అతుక్కుపోయి ఉన్నాయి. కొత్తిమీర కాడలు మొదళ్ళ దగ్గర నల్లగా మెత్తబడి, పట్టుకుంటే వేళ్ళకు జారిపోయాయి. బయట 27 డిగ్రీలున్న ఆ మధ్యాహ్నం, మళ్ళీ మూసి చూస్తే లోపల థర్మామీటర్ 43 చూపించింది. ఈ పద్ధతి ఆ తర్వాత ఐదు చలికాలాల్లో నేర్చుకున్నది.

చోటు, దిక్కు, మడి

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగిలే చోటు చూసుకోండి. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు కాబట్టి, దక్షిణాన మూడంతస్తుల ఇల్లుంటే ఏప్రిల్‌లో ఎండ పడిన చోటే డిసెంబర్‌లో రోజంతా నీడలో ఉండిపోతుంది. చోటు ఖాయం చేసేది వేసవి ఎండను చూసి కాదు. డిసెంబర్‌లోనే ఒక రోజు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వెళ్ళి నీడ ఎక్కడ పడుతోందో గీత గీసుకోండి.

అక్టోబర్ నుంచి జనవరి దాకా మనకు గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వీస్తుంది. మడి పొడవు తూర్పు పడమరలుగా ఉంటే గాలికి టన్నెల్ మూతి ఎదురవుతుంది, పక్క ఎదురవదు. పక్కకు తగిలిన గాలి కప్పును తెరచాపలా లాగుతుంది.

మడి వెడల్పు 1 మీటరు. అటూ ఇటూ కూర్చుంటే మధ్యకు చెయ్యి అందే వెడల్పు ఇది. పొడవు 6 మీటర్లు పెట్టుకున్నాననుకుని లెక్కలన్నీ ఇస్తాను, మీ చోటును బట్టి మార్చుకోండి. రెండు మళ్ళ మధ్య 45 సెంటీమీటర్ల దోవ వదలండి. దోవలో మట్టి తవ్వి మడి మీదికి ఎత్తితే మడి 15 నుంచి 20 సెంటీమీటర్లు లేస్తుంది, దోవ కాలువగా మారుతుంది. ఆ కాలువ తప్పనిసరి. ఒక రాత్రి 50 మిల్లీమీటర్ల వాన పడితే ఈ 6 చదరపు మీటర్ల మడి మీది పాలిథీన్ నుంచి 300 లీటర్ల నీరు జారి దోవల్లో పడుతుంది. బెంగళూరులో అలాంటి రాత్రులు సెప్టెంబర్, అక్టోబర్‌లలో దాదాపు ఏటా వస్తాయి. దోవకు వాలు లేకపోతే ఆ నీరంతా మడి అడుగుకే చేరి, పైన గొడుగు పట్టి కింద ముంచినట్టవుతుంది.

మన ఎర్రమట్టి వాన దెబ్బకు పైన పెంకు కడుతుంది. మడికి 30 కిలోల మాగిన పశువుల ఎరువు, అర కిలో వేపపిండి వేసి, పై 15 సెంటీమీటర్లలో కలపండి. పచ్చి పేడ వేయొద్దు. కప్పు కింద గాలి తక్కువ ఆడే చోట పచ్చి పేడ వేడి, వాసన రెండూ ఎక్కువే, దానికి ఈగలు కూడా చేరతాయి.

కమాన్లు

కమానుకు మూడు రకాల సరుకు పనికొస్తుంది. 6 మిల్లీమీటర్ల ఇనుప ఊచను వంచి రెండు కొసలూ నేలలో గుచ్చొచ్చు. చవక, కానీ తుప్పు పడుతుంది, ఆ గరుకు వలను కోస్తుంది. కరెంటు పనులకు వాడే పీవీసీ పైపు తేలిగ్గా వంగుతుంది గానీ రెండో ఏడాది ఎండకు పెళుసెక్కి, ముట్టుకుంటేనే విరుగుతుంది. నేను వాడేది 20 మిల్లీమీటర్ల నల్లటి హెచ్‌డీపీఈ నీళ్ళ పైపు. చుట్టగా వస్తుంది కాబట్టి పుట్టుకతోనే దానికి వంపు ఉంటుంది, ఆ వంపు వైపే కమాను వంచితే మెలిక పడదు. ఐదేళ్ళుగా అవే కమాన్లు వాడుతున్నాను. హార్డ్‌వేర్ అంగళ్ళుండే ఎస్.జె.పి. రోడ్డులో గానీ, మీ పేటలో ఏ ప్లంబింగ్ అంగడిలో గానీ మీటర్ల లెక్కన కోసిస్తారు.

కొలతలు ఇలా చూసుకోండి. 1 మీటరు వెడల్పు మడికి అరచంద్రం లాంటి కమాను వేస్తే మధ్యలో ఎత్తు 50 సెంటీమీటర్లే వస్తుంది. కాలీఫ్లవర్‌కు అది చాలదు. పైపు ముక్క పొడవు 1.8 మీటర్లు పెడితే మధ్యలో 65 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. అంతకన్నా ఎత్తు పోతే గాలి పట్టు ఎక్కువవుతుంది. కమానుకూ కమానుకూ మధ్య 1 మీటరు. అంటే 6 మీటర్ల మడికి 7 కమాన్లు, మొత్తం 12.6 మీటర్ల పైపు. ఒక్క ముక్క తప్పుగా కోసినా సరిపోయేట్టు 15 మీటర్లు కొనండి.

పైపును నేరుగా నేలలో గుచ్చితే నిలవదు. దాని లోపలికి దూరే ఊచ కావాలి. ఇంటి స్లాబుకు వాడే 10 మిల్లీమీటర్ల టీఎంటీ కమ్మీ ఒక్కటి 12 మీటర్లుంటుంది, దాదాపు ఏడున్నర కిలోలు తూగుతుంది. దాన్ని 60 సెంటీమీటర్ల ముక్కలుగా కోయిస్తే 20 వస్తాయి. కమాన్లకు 14, రెండు చివర్ల మేకులకు 2, మిగతా 4 దాచుకోండి, ఎక్కడైనా రాయి తగిలి వంగితే పనికొస్తాయి. మా వీధిలో ఇల్లు కడుతున్న చోట కమ్మీ కోసే అన్న దగ్గర కోయించుకున్నాను.

మడి అంచు వెంట తాడు కట్టి, మీటరుకొక గుర్తు పెట్టి, ఊచను సుత్తితో 35 సెంటీమీటర్లు దిగేదాకా కొట్టండి. 25 సెంటీమీటర్లు పైన మిగలాలి. పొడి నేలలో కొట్టొద్దు. ముందురోజు సాయంత్రం తడిపి పెడితే ఊచ తేలిగ్గా దిగి, మట్టి ఆరాక బిగుసుకుంటుంది. ఊచలు నిటారుగా కాకుండా పైకొసలు బయటి వైపుకు పిసరంత వాలి ఉండాలి. పైపు వంగినప్పుడు లోపలికి లాగే బలాన్ని ఆ వాలు ఆపుతుంది. పైపు ముక్కలను ఒక గంట ఎండలో పరిచి వెచ్చబడ్డాక ఒక కొస ఒక ఊచకు, రెండో కొస ఎదురు ఊచకు తొడగండి. చుట్టూ తిరిగి కమాన్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో కింద కూర్చుని చూడండి. ఏదైనా ఎత్తుగా ఉంటే దాని కొస కొంచెం కోయండి. ఎత్తుగా ఉన్నదాని మీదే కప్పు రాపిడికి ముందు చిరుగుతుంది.

రెండు చివర్లా, కమానుకు అర మీటరు బయట, ఒక్కో మేకు కొట్టండి. ఆ మేకు నుంచి మొదలై, అన్ని కమాన్ల నడినెత్తి మీదా ఒక చుట్టు చుట్టుకుంటూ, అవతలి మేకు దాకా నైలాన్ తాడు లాగి కట్టాలి. ఇంటికి దూలం లాంటిది ఈ తాడు. ఇది లేకపోతే రెండు కమాన్ల మధ్య పాలిథీన్ జారి నీళ్ళు కుండలా నిలుస్తాయి. బయటికి కనిపించే మేకు కొసల మీద ఖాళీ నీళ్ళ సీసా బోర్లించండి. వంగి పని చేసేటప్పుడు కంటికి తగిలే ఎత్తులో ఉంటాయవి.

మీద ఏం కప్పాలి

టన్నెల్ అంటే కమాన్లే అనిపిస్తుంది గానీ, పంటను కాపాడేది కప్పే.

ఇన్‌సెక్ట్ నెట్ (పురుగులను ఆపే సన్నటి వల) లేకుండా నేను టన్నెల్ కట్టమని ఎవరికీ చెప్పను. 40 మెష్ అని అడగండి, అంటే అంగుళానికి 40 కన్నులు. క్యాబేజీ, కాలీఫ్లవర్ పెంచినవాళ్ళందరికీ డైమండ్ రెక్కల పురుగు తెలిసే ఉంటుంది. సన్నటి బూడిదరంగు రెక్కల పురుగు, రెక్కలు ముడిచి కూర్చుంటే వీపు మీద వజ్రాల గుర్తులు కనిపిస్తాయి. గుడ్లు ఆకు మీద పెడుతుంది, పిల్లపురుగులు అడుగున చేరి ఆకును జల్లెడ చేస్తాయి. చాలా మందులకు అలవాటు పడిపోయిన పురుగు అది. 40 మెష్ దాన్ని, సీతాకోకచిలుకలను, మిడతలను బయటే ఆపేస్తుంది. తెల్లదోమను ఆపాలంటే 50 మెష్ కావాలి, దానిలో గాలి ఇంకా తక్కువ ఆడుతుంది. తామర పురుగులను ఇలాంటి వలలేవీ పూర్తిగా ఆపలేవు. ఆకుకూరలు, క్యాబేజీ జాతి వేసేవాళ్ళకు 40 మెష్ చాలు.

హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఈ పురుగుకే ఇంకో ఉపాయం చెప్పింది: 25 వరసల క్యాబేజీకి 2 వరసల ఆవాలు ఎర పంటగా వేయడం. పురుగు ఆవాల మీదికే ముందు పోతుంది. మన మడి అంత పెద్దది కాదు కాబట్టి నేను నెట్ బయట, దోవ అంచున ఆవాలు చల్లుతాను. పురుగు ఊళ్ళోకి వచ్చిందో లేదో నాకు ఆ ఆవాల ఆకులే ముందు చెప్తాయి.

రెండోది పాలిథీన్. భవనాల పనికి అమ్మే మామూలు పట్టా కొనొద్దు, ఎండకు ఒక సీజన్‌లోనే చిట్లి పేలికలవుతుంది, ఆ ముక్కలు మట్టిలో ఏరలేరు. యూవీ ట్రీట్‌మెంట్ చేసిన పారదర్శకమైన షీటు, 50 మైక్రాన్ల మందంది, అడగండి. పాలీహౌస్‌కు వాడే 200 మైక్రాన్లది చాలా బరువు, ఈ కమాన్లకు అనవసరం. రాజస్థాన్‌లో బికనీర్ వైపు ఖర్బూజ, దోస జాతి పంటలను డిసెంబర్, జనవరిల్లోనే ఈ పలచటి పాలిథీన్ టన్నెళ్ళ కింద విత్తుతారు. అక్కడ రాత్రులు నిజంగా వణికిస్తాయి కాబట్టి మూసి ఉంచుతారు. మనం మూయకూడదు. వాన వచ్చే రోజుల్లో నెట్ మీదుగా వేసి, రెండు పక్కలా నేల నుంచి 25 సెంటీమీటర్లు ఎత్తి క్లిప్పులు పెట్టాలి, రెండు మూతులూ తెరిచి ఉంచాలి. నెట్ మాత్రం నేల దాకా దిగే ఉంటుంది, పురుగుకు సందు దొరకదు. ఎండ కాసిన రోజు పాలిథీన్‌ను ఒక పక్కకు చుట్టేయాలి. మడిలో మొక్క ఎత్తున చిన్న థర్మామీటర్ వేలాడదీయండి. 32 దాటితే చుట్టేయాలని నా లెక్క.

రాత్రి మూస్తే నష్టమేమిటని అడుగుతారు. పొద్దున్నే చూడండి. పాలిథీన్ లోపలి వైపు చెమట పట్టి, బొట్లు బొట్లుగా ఆకుల మీద కారుతుంది. ఆ తడి తొమ్మిదైనా ఆరదు. పాలకూర మీద, క్యాబేజీ నారు మీద బూజు తెగులు రావడానికి అంతకన్నా అనువైన చోటు లేదు.

మూడోది గ్రో కవర్, 17 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 17 గ్రాములు తూగే) తెల్లటి గుడ్డ. పుచ్చ, మిరప రైతులు మళ్ళ మీద కప్పేది ఇదే. గాలి, నీరు, వెలుతురు మూడూ పోనిస్తుంది. మార్గశిరం, పుష్యంలో మంచు దట్టంగా పడే రాత్రులు కొత్తగా మొలిచిన నారు మీద కప్పుకోవచ్చు. ఒక్క సీజన్ మించి రాదు, చిరుగుతుంది. నాలుగోది సగం ఎండను ఆపే 50 శాతం షేడ్‌నెట్, దాని పని శివరాత్రి తర్వాతే.

ఏది కొన్నా వెడల్పు కనీసం 2.4 మీటర్లుండాలి: కమాను మీద 1.8, రెండు పక్కలా 30 సెంటీమీటర్లు నేల మీద పరుచుకోవడానికి. 3 మీటర్ల వెడల్పుది దొరికితే అదే తీసుకోండి, కోయకండి, మిగిలింది బరువుల కింద చుట్టుకోవచ్చు. 6 మీటర్ల మడికి నెట్ పొడవు 8.5 మీటర్లు కావాలి, ఎందుకంటే రెండు చివర్లా నేలకు దించి, కుచ్చు పట్టి, మేకుకు ముడేయాలి. నెట్, గ్రో కవర్ బెంగళూరు సందుల్లో కన్నా కోలార్, చిక్కబళ్ళాపుర వైపు రైతులకు సరుకులమ్మే అంగళ్ళలో తేలిగ్గా దొరుకుతాయి. ఊరికి పోయేటప్పుడు దారిలో కొనుక్కోవచ్చు.

బిగింపు

అంచుల మీద ఇటుకలు పెట్టొద్దు. ఇటుక మూల నెట్‌ను కోస్తుంది. మట్టిలో పూడ్చితే మాత్రం గట్టిగా ఉంటుంది గానీ, రోజూ కోసుకునే కొత్తిమీర మడికి రోజూ తవ్వుకోవాలి. నాకు కుదిరింది ఇసుక బస్తాలే, అవి కూడా పాత జీన్స్ ప్యాంట్ల కాళ్ళతో కుట్టినవి. ఒక కాలు కోసి, ఒక కొస కుట్టి, ఇసుక నింపి, రెండో కొస తాడుతో కడితే మడి అంచుకు అతుక్కున్నట్టు కూర్చునే పొడవాటి బరువు అవుతుంది. ఒక్కో పక్కకు ఏడెనిమిది కావాలి. ఎండకు, వానకు జీన్స్ గుడ్డ మూడేళ్ళు ఆగింది. సిమెంటు బస్తా పట్టా ఆరు నెలల్లోనే పొడయిపోతుంది.

పైన కప్పును కమానుకు పట్టి ఉంచడానికి 25 మిల్లీమీటర్ల పైపును 10 సెంటీమీటర్ల ముక్కలు కోసి, పొడవునా ఒక పక్క చీల్చి, అంచులను గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. చీలిక తెరిచి కమాను మీద నొక్కితే పట్టేసుకుంటుంది. కమానుకు నాలుగు చాలు. గాలి ఎక్కువున్న రోజుల్లో కప్పు మీదుగా ఒక పక్క ఊచ మొదలు నుంచి అవతలి పక్క ఊచ మొదలు దాకా, అడ్డంగా జెడ అల్లినట్టు తాడు వేయండి. పాలిథీన్‌ను పక్కకు ఎత్తాలంటే ఈ తాడు కిందే జారుతుంది, విప్పక్కర్లేదు.

నీళ్ళు

వానలో టన్నెల్ లోపలి మడి ఎండిపోతుందంటే కొత్తవాళ్ళు నమ్మరు. మూడు రోజులు ముసురు పట్టింది కదా, నీళ్ళెందుకని వదిలేస్తారు. పాలిథీన్ వేసి ఉంటే మడి నడిమధ్యకు ఒక్క చుక్క రాదు. పైన తడిగా కనిపించినా వేలు రెండు కణుపులు దించి చూడండి.

మడికి రెండు వరసల 16 మిల్లీమీటర్ల డ్రిప్ లైను పరవండి, 30 సెంటీమీటర్లకొక రంధ్రం, గంటకు 2 లీటర్లు కారేది. రెండు వరసలకు 40 రంధ్రాలు, గంటకు 80 లీటర్లు. చలికాలంలో ఈ మడికి రోజుకు సుమారు 24 లీటర్లు చాలు, అంటే 18 నిమిషాలు. పొద్దున్నే పెట్టండి. సాయంత్రం పెడితే రాత్రంతా లోపల చెమ్మ పెరుగుతుంది. డ్రిప్ లేకపోతే జల్లుగా నీళ్ళు పడే రోజ్ క్యాన్ చాలు, నెట్ మీద నుంచే పోయొచ్చు. కావేరి నీళ్ళు మొక్కలకు పోయడానికి మనసొప్పని ఇళ్ళలో బియ్యం కడిగిన నీళ్ళు, ఆర్‌ఓ ఫిల్టరు వదిలేసే నీళ్ళు పనికొస్తాయి. ఆర్‌ఓ నీళ్ళలో ఉప్పు ఎక్కువ, వాటిని విడిగా ఎప్పుడూ పోయొద్దు, సగానికి సగం మంచినీళ్ళు కలపండి.

ఏం వేయాలి, ఏం వేయకూడదు

స్వాతి కార్తె వానలు, అంటే అక్టోబర్ చివరి నుంచి నవంబర్ మొదటి వారం దాకా పడేవి, కొత్తిమీరకు గండం. సరిగ్గా అప్పుడే గొడుగు పనికొస్తుంది. ధనియాలను చేత్తో రెండుగా నలిపి, రాత్రంతా నానబెట్టి, వరసల్లో వేస్తే ఎనిమిది నుంచి పన్నెండు రోజుల్లో మొలుస్తుంది. మెంతి ఇరవై అయిదు రోజులకే కోతకు వస్తుంది. పాలకూరలో హెసరఘట్ట సంస్థవారి అర్కా అనుపమ, ముల్లంగిలో అర్కా నిశాంత్ నేను వరసగా వేస్తున్న రకాలు. నూల్‌కోల్, క్యాబేజీ, కాలీఫ్లవర్ దసరాకు నారు పోసి, 25 నుంచి 30 రోజుల నారు నాటండి. క్యారెట్, బీట్‌రూట్ విత్తనం నేరుగా మడిలోనే, నాటితే వేరు వంకర పోతుంది.

దోస, కాకర, సొర, గుమ్మడి తీగలకు ఈ టన్నెల్ వద్దు. వాటికి తేనెటీగలు కావాలి, నెట్ కింద పూత వచ్చి రాలిపోతుంది. టమాటాకు ఎత్తు చాలదు. పొట్టి బీన్స్ మాత్రం వాటంతటవే కాస్తాయి, అర్కా కోమల్ నెట్ కిందే బాగా కాసింది.

అనప కూడా వద్దు. రెండో ఏడాది నేను అనప సాలుకు కూడా కమాన్లు వేస్తుంటే మా అత్తమ్మ వచ్చి ఊచలు పీకించింది. "అనపకు మంచు పడాలమ్మా. కప్పేస్తివంటే కాయకు వాసనే రాదు, ఇంక పితికిపప్పు ఏం చేస్తావు?" అంది. ఇక్కడి కన్నడంవాళ్ళూ అవరెకాయకు మంచు తగిలితేనే ఆ సువాసన అంటారు. నేనూ నమ్ముతాను. ఆ సాలు ఇప్పటికీ బయటే ఉంటుంది.

వారానికి రెండుసార్లు

నాటిన రోజే నెట్ కప్పాలి. వారం ఆగి కప్పితే గుడ్లతో సహా లోపల బంధించినట్టే. కప్పే ముందు ప్రతి నారు మొక్క ఆకు తిప్పి అడుగు చూడండి. సన్నటి పసుపు చుక్కలుంటే వేలితో నలిపేయండి.

నెట్ పురుగును ఆపినట్టే పురుగును తినేవాటినీ ఆపుతుంది. అక్షింతల పురుగు లోపలికి రాలేదు కాబట్టి పేనుబంక ఒక్కటి దూరినా పది రోజుల్లో కొమ్మంతా నల్లబడుతుంది. చీమల బారు నెట్ కిందికి పోతోందంటే లోపల పేనుబంక ఉన్నట్టే. మొదట నీళ్ళ ధారతో కొట్టి కడగండి, తర్వాత లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం ఆకు అడుగున కొట్టండి. వానల్లో పెద్ద నత్తలు ఇసుక బస్తాల అడుగున దాక్కుంటాయి. పొద్దున్నే బస్తాలు తిప్పి ఏరేయాలి, చేతికి తొడుగు వేసుకుని.

నెట్ ఎత్తే ముందు ఒక కర్రతో మడి అంచున రెండుసార్లు తట్టండి. చల్లటి, మరుగైన చోటు పాములకూ ఇష్టమే. ఖాళీ సైట్ల మధ్య ఉన్నవాళ్ళు ఈ అలవాటు మానొద్దు.

డాబా మీద కట్టేవాళ్ళకు ఊచ కొట్టడానికి నేల ఉండదు. గ్రోబ్యాగుల వరసకు రెండు పక్కలా పాత పెయింటు డబ్బాల్లో కాంక్రీటు పోసి, తడిగా ఉన్నప్పుడే ఊచ నిలబెట్టండి. పైన గాలి ఎక్కువ కాబట్టి కమాన్లు 75 సెంటీమీటర్లకొకటి వేసి, ఎత్తు 50కి తగ్గించండి.

శివరాత్రి నుంచి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్నమాట బెంగళూరులో రోజు తప్పదు. ఆ వారమే పాలిథీన్, గ్రో కవర్ తీసి లోపల పెట్టేయండి. నెట్ మీద 50 శాతం షేడ్‌నెట్‌ను ఉదయం పదింటికి వేసి, నాలుగింటికి తీసే ఓపిక ఉంటే కొత్తిమీర, లెట్యూస్ ఇంకో నెల వస్తాయి. 

ఉగాది దాటాక మామిడి వానలు మొదలవుతాయి. అరగంటలో వచ్చి పోయే ఆ గాలివానలు, ఒక్కోసారి వడగళ్ళు, ఏ క్లిప్పుకూ ఆగవు. అప్పటికి కప్పులన్నీ విప్పేయాలి. నెట్‌ను బకెట్‌లో సబ్బు నీళ్ళతో ఉతికి, నీడలో ఆరేసి, చుట్టి, ఎలుకలు చేరని డబ్బాలో పెడితే నాలుగైదేళ్ళు వస్తుంది.

పాత పాలిథీన్ పారేయకండి. పంట తీసిన మడిని బాగా తడిపి, చదును చేసి, ఆ పారదర్శక షీటునే మట్టికి ఆనించి పరచి, చుట్టూ అంచులను మట్టిలో పూడ్చి, నాలుగు నుంచి ఆరు వారాలు ఏప్రిల్, మే ఎండలో వదిలేయండి. నులిపురుగులు, నారుకుళ్ళు శిలీంధ్రం, కలుపు గింజలు చాలావరకు ఆ వేడికే చస్తాయి. అక్కడక్కడా చిరుగులుంటే టేపు అతికించండి. ఈ పనికి మాత్రం పాలిథీన్‌ను ఎక్కడా సందు లేకుండా గట్టిగా మూయాలి.